పండుగ నాడు ఫోన్‌లో హోటల్ నడిపే పిల్ల

"సారూ, ఇంట్ల బువ్వ తినమంటే తినది. ఫోన్ల ఎవరికో బువ్వలు వండి పెడతాంది."

ఛత్తీస్‌గఢ్‌లోని బాసగూడ సంతలో చింతపండు గంప ముందు కూర్చున్న ఒక తల్లి అన్న మాట ఇది. ఆమె గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా వినిపించింది. బిడ్డకు పదకొండేళ్లు. ముందు రోజు రాత్రి తండ్రి ఆ పిల్ల చేతిలోంచి ఫోను లాక్కున్నాడట. పిల్ల గోడవైపు తిరిగి పడుకుని, తెల్లారేదాకా ఎక్కిళ్లు పెట్టిందట. "డబ్బులేమన్నా పోయినయా అమ్మా?" అని అడిగాను. "డబ్బుల్లేవు సారూ. పండుగ పోయిందంట" అంది.

చర్ల వైపు బడుల్లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. మావోయిస్టుల మీదికి సల్వా జుడుం దళాలు లేచిన రోజుల్లో ఈ ఊరు ఖాళీ అయినప్పుడు ఎన్నో కుటుంబాలు తాలిపేరు నది వెంట మా వైపు వచ్చాయి. ఆ పిల్లల్లో కొందరు నా తరగతిలోనే కూర్చున్నారు. వాళ్లిప్పుడు తల్లిదండ్రులయ్యారు. అందుకే ఇక్కడి అమ్మలూ అయ్యలూ పిల్లల సంగతి నాతో చెప్పుకుంటే పరాయి గొడవగా అనిపించదు. ఆ తల్లి దగ్గర కూర్చుని, పోయిన పండుగ ఏమిటో ముందు తెలుసుకుందాం అన్నాను. మీతోనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

అది హోటల్ ఆట. ఇలాంటివి చాలా ఉన్నాయి. లిథువేనియాలోని నార్డ్‌కరెంట్ అనే కంపెనీ 2014లో తెచ్చిన 'కుకింగ్ ఫీవర్' ఒకటి. అదే ఏడు మన పొరుగున ఉడుపిలో నైంటీనైన్ గేమ్స్ వాళ్లు 'స్టార్ చెఫ్' తెచ్చారు. పేర్లు వేరైనా పని దాదాపు ఒకటే. గిరాకీ వస్తాడు, ఏదో అడుగుతాడు. మనం వండి, వడ్డించి, డబ్బులు తీసుకోవాలి. చాలా ఆటల్లో ఆలస్యమైతే అతని ఓపిక గీత తరిగిపోతుంది, మొహం మాడ్చుకుని లేచిపోతాడు. వచ్చిన నాణేలతో పొయ్యి మార్చుకోవచ్చు, బల్లలు కొనుక్కోవచ్చు.

ఇంతే అయితే పిల్లలకు కొన్నాళ్లలో విసుగు పుట్టేది. అందుకే కంపెనీలు ఆటలోకి పండుగలు తెస్తాయి. అక్టోబరు చివర గుమ్మడికాయ దీపాల హాలోవీన్. డిసెంబరులో క్రిస్మస్ చెట్టు, మంచు, ఎర్ర టోపీ వంటవాడు. ఫిబ్రవరిలో ప్రేమికుల రోజు గులాబీలు, ఆ తర్వాత ఈస్టర్ గుడ్లు. కొన్నింటిలో మన దీపావళి ప్రమిదలూ కనిపిస్తాయి. పండుగతోపాటు ఆ కొద్ది రోజులే ఉండే కొత్త హోటలో, కొత్త వంటకమో, అలంకారమో వస్తుంది. తెర మూలన ఒక గడియారం వెనక్కి నడుస్తూ ఉంటుంది. మూడు రోజుల నాలుగు గంటలు. ఒక రోజు పది గంటలు. నలభై నిమిషాలు. అది సున్నాకు చేరేలోగా ఇన్ని నక్షత్రాలో ఇన్ని మంచు బిళ్లలో కూడబెడితే బహుమతి దొరుకుతుంది. చాలా ఆటల్లో అప్పటిదాకా కూడబెట్టిన ఆ బిళ్లలకు మర్నాడు విలువ ఉండదు.

మన పిల్ల పద్దెనిమిది రోజులు కూడబెట్టింది. మరో రెండు మెట్లు ఎక్కితే క్రిస్మస్ చెట్టు చివర పెట్టే నక్షత్రం వచ్చేది. సరిగ్గా అప్పుడే ఫోను చేతిలోంచి పోయింది.

మంచును ఎన్నడూ చూడని ఊళ్లో పిల్ల మంచు పండుగ కోసం ఏడ్చిందంటే మనకు వింతగా ఉంటుంది. మనసు తీరు తెలిస్తే అంత వింతగా తోచదు. దాదాపు వందేళ్ల కిందట బెర్లిన్‌లో బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఉండేది. ఆమె పుట్టింది కూడా లిథువేనియాలోనే. హోటల్లో వడ్డించేవాళ్లకు డబ్బు చెల్లించని బల్లల ఆర్డర్లు పొల్లుపోకుండా గుర్తుంటాయనీ, డబ్బు ముట్టగానే మరిచిపోతారనీ ఆమె గురువు గమనించాడట. దాని మీద ఆమె పరీక్షలు చేసి 1927లో ప్రచురించింది. సగంలో ఆగిన పని పూర్తయిన పని కన్నా ఎక్కువగా మనసులో మెదులుతుందని అందులో చెప్పింది. తర్వాత అందరి పరీక్షల్లోనూ ఒకే ఫలితం రాలేదు కానీ, ఈ సంగతి మన అనుభవంలో ఉన్నదే. సగం అల్లిన తట్ట మూలన ఉంటే మనకూ నిద్ర సరిగా పట్టదు. హోటల్ ఆటలో పని ఎప్పుడూ సగంలోనే ఉంటుంది. ఒక గిరాకీ లేస్తే మరొకడు వచ్చి కూర్చుంటాడు. దాని మీద పండుగ గడియారం పెడితే, ఆ సగం పనికి గడువు కూడా తోడవుతుంది.

కాబట్టి మీ బిడ్డకు పిచ్చి పట్టలేదు, చెడు అలవాటూ పడలేదు. చేతికిచ్చిన పని పూర్తి చేయాలన్న మంచి గుణమే ఆ ఏడుపులో ఉంది. ఈ మాట అన్నప్పుడు ఆ తల్లి మొహం కాస్త తేటపడింది.

కానీ చెప్పవలసిన రెండో మాట కూడా ఉంది. ఆ మంచి గుణాన్ని చూసే ఆటను అలా కట్టారు. ఆట ఉచితం. ఎక్కువమంది పైసా ఇవ్వరు. మధ్యలో వచ్చే ప్రకటనల నుంచీ, ఆటలో పనికొచ్చే వజ్రాలను అసలు డబ్బు పెట్టి కొనే కొద్దిమంది నుంచీ కంపెనీకి డబ్బు వస్తుంది. గడువు దగ్గరపడేకొద్దీ కొనాలనే మనసు పెరుగుతుంది. పెద్దవాళ్లే కష్టం మీద కాలు నిలుపుకునే చోట పదకొండేళ్ల పిల్ల ఒక్కతే నిలబడాలనడం న్యాయం కాదు. ఆమె పక్కన మనమూ నిలబడాలి.

ఇంతకీ ఫోను ఆమె చేతికి ఎలా వచ్చింది? మనమే ఇచ్చాం. ఇందులో తప్పెన్నడానికి ఏమీ లేదు. ఈ చుట్టుపక్కల పిల్లల్ని చీకటి పడ్డాక బయట తిరగనివ్వకపోవడానికి కారణాలు మనకు బయటివాళ్లు చెప్పనక్కర్లేదు. 2012 జూన్ 28 రాత్రి పక్కనే ఉన్న సార్కెగూడలో భద్రతా దళాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు. చిన్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. విత్తనాల పండుగ సంగతి మాట్లాడుకోవడానికి చేరామని ఊళ్లవాళ్లు చెప్పారు. చనిపోయినవాళ్లు మావోయిస్టులని చెప్పడానికి తగిన సాక్ష్యం లేదని తేల్చిన న్యాయ విచారణ నివేదిక 2019లో బయటికొచ్చింది. అలాంటి రాత్రులు చూసిన తల్లి, బిడ్డ ఇంట్లో, తన కళ్ల ముందు, మెరిసే తెర పట్టుకుని కూర్చుంటే గుండె మీద చేయి వేసుకుంటుంది. నేనైనా అంతే చేసేవాణ్ణి. టవరు వచ్చింది, ఫోను వచ్చింది, పిల్ల ఇల్లు కదలడం లేదు. అదొక నెమ్మది.

అయితే ఆ నెమ్మదిలో మనకు కనపడనిది ఒకటుంది. శరీరం ఇంట్లో ఉన్నా, పిల్ల బతుకంతా ఆ హోటల్లో గడుస్తోంది. అక్కడ ఆమె యజమాని. అక్కడికొచ్చే ప్రతివాడికీ ఆమె అవసరం ఉంది. బాగా వడ్డిస్తే వెంటనే ఎర్రటి గుండె బొమ్మ ఎగురుతుంది. మన ఇళ్లల్లో పిల్ల నీళ్లు తెచ్చినా, తమ్ముణ్ణి ఎత్తుకున్నా, పొయ్యి ఊదినా ఎవరు చూస్తున్నారు? పని చేయకపోతే మాత్రం చూస్తాం. ఇది కష్టమైన మాటే, నా ఇంట్లోనూ ఇలాగే జరిగింది. మన ప్రేమకు లోటు లేదు. ఆ ప్రేమ బిడ్డకు కనబడే దారే కొంచెం మూసుకుపోయింది.

మరి ఏం చేద్దాం? ముందు ఒక సాయంత్రం పక్కన కూర్చుందాం. "ఏదీ నీ హోటల్ చూపించు" అందాం. తనిఖీకి వచ్చినవాళ్లలా కాకుండా గిరాకీలా అడుగుదాం. ఏ వంటకం కష్టం, ఎవరు తొందర పెడతారు, ఈ పండుగ ఎప్పుడు అయిపోతుంది? పావుగంట చాలు. నేనిలా కూర్చున్న ప్రతిసారీ పిల్లలు నాకు పాఠం చెప్పినంత శ్రద్ధగా చెప్పారు. రెండు రోజుల తర్వాత "ఈ పండుగకు రోజూ ఎంతసేపు ఆడుదాం? అన్ని మెట్లూ ఎక్కకపోతే ఏమవుద్ది?" అని మనం అడిగితే, ఆ మాట మిత్రుడి మాటలా వినబడుతుంది. పండుగ గడియారం మొదలవక ముందే ఈ మాట జరగాలి. ఆఖరి నలభై నిమిషాల్లో ఏ బిడ్డా వినలేదు.

ఆపమనే వేళలోనూ ఒక మెలకువ ఉంది. ఇలాంటి చాలా ఆటల్లో ఒక్కో మెట్టు సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. "ఈ గిరాకీలకు పెట్టేసి మూసెయ్ బిడ్డా" అంటే ఆమె తన చేత్తో ఆపుతుంది. మధ్యలో లాక్కుంటే ఆట ఆగదు, ఆమె తలలో నడుస్తూనే ఉంటుంది. ఆ తండ్రి కోపం నాకర్థమైంది. పొద్దంతా పనిచేసి వచ్చి, పిలిస్తే పలకని బిడ్డను చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ రాత్రి పోయిన నిద్ర మాత్రం ఫోను వల్ల పోలేదు, లాక్కోవడం వల్ల పోయింది.

ఫోనులో చేయవలసినవి మూడు. 'మీ గిరాకీలు ఎదురుచూస్తున్నారు' అంటూ పొద్దుగూకులూ మోగే ఆ నోటిఫికేషన్లు ఆపేయండి. ప్లే స్టోర్ సెట్టింగుల్లో, ఏది కొనాలన్నా ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. యూపీఐ పిన్ను పిల్లలకు చెప్పకండి. మేకను అమ్మిన డబ్బూ, తునికాకు కూలీ డబ్బూ ఇప్పుడు ఆ ఫోన్లోనే ఉంటున్నాయి. పొరపాటున కొనేసి ఉంటే 48 గంటల్లోగా గూగుల్‌కు చెప్పి వాపసు అడగొచ్చు. పిల్లలు తెలియక కొన్న లెక్కకు 2014లో అమెరికాలో ఆపిల్ కంపెనీ కనీసం 3.25 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. అంటే మన పిల్లలొక్కళ్లే ఇలా చేశారని బాధపడనక్కర్లేదు. డబ్బు పోతే కొట్టకండి. కొడితే వచ్చేసారి దాస్తారు, అంతే.

అన్నీ చేసినా ఏదో ఒక పండుగ మెట్లు ఎక్కకుండానే అయిపోతుంది. అప్పుడు ఏడుస్తారు. ఆ ఏడుపును 'ఉత్త బొమ్మల కోసమా' అని తీసిపారేయొద్దు. ఆమె పద్దెనిమిది రోజుల పని అది. పక్కన కూర్చుని "పోయింది గదా, బాధయితది" అనడం చాలు. కొత్త ఫోను కొనిస్తాననీ, వజ్రాలు కొనిస్తాననీ అనొద్దు. చేజారినదాని కోసం ఏడ్చి, తర్వాత లేచి నీళ్లు తాగి పడుకోవడం పిల్లలు ఎక్కడో ఒకచోట నేర్చుకోవాలి. ఒక ఆట నక్షత్రం దగ్గర నేర్చుకోవడం చవకే.

ఎప్పుడు నిజంగా భయపడాలో కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆట వ్యసనాన్ని జబ్బుల పట్టికలో చేర్చింది, అది 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. వాళ్లు చెప్పే గుర్తులు మూడు. ఆటను అదుపు చేసుకోలేకపోవడం, తిండీ చదువూ స్నేహాల కన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం. అది కూడా మామూలుగా ఏడాది పాటు సాగితేనే జబ్బు అంటారు. ఒక పండుగ వారం పాటు పిల్ల మునిగిపోతే ఆ పేరు పెట్టకండి. నెలల తరబడి నిద్ర, బడి, మాట పోతుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. 14416కి ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలిమానస్ వాళ్లు తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఇక ఆ తల్లి సంగతి. నేను చెప్పినవన్నీ విని, "ఇయ్యన్నీ సరే సారూ, మరి దానికి నేనేం పని చెప్పాలె?" అంది. ఆ ప్రశ్నలోనే జవాబు ఉన్నట్టు తోచింది. ఆమె ముందు చింతపండు గంప ఉంది, పక్కన ఖాళీ తక్కెడ ఉంది. వచ్చే సంతకు బిడ్డను తీసుకురమ్మన్నాను. వచ్చింది. మొదట మూతి ముడుచుకుని కూర్చుంది. రెండో గంటకు తక్కెడ ఆమె చేతిలో ఉంది. చిల్లర లెక్క తల్లి కన్నా వేగంగా చెప్పింది. తొందర పెట్టే గిరాకీని ముందు పంపి, కబుర్లు చెప్పేవాళ్లను ఆగమంది. ఆ నేర్పు ఎక్కడిదో నాకు తెలుసు. ఫోను ఇంట్లోనే ఉంది, సాయంత్రం మళ్లీ ఆడుతుంది కూడా. అది మాన్పించాలని నేను అనుకోలేదు.

ఎండలు ముదిరేవేళ ఒకరోజు ఆ ఇంటికి వెళ్లాను. పెరట్లో చెట్టు నిండా మామిడికాయలు. కొత్తల పండుగ చేసి దేవతకు పెట్టేదాకా ఇక్కడ ఎవరూ నోట పెట్టరు. పిల్ల చెట్టు కిందే నిలబడి పైకి చూస్తోంది.

"అవ్వా, మన పండుగ ఇంకెన్ని రోజులు?"

"కాయ టెంక కట్టాలె. పెద్దలు చూసి చెప్తరు."

"ఎన్ని రోజులో చెప్పరాదె?"

"చెప్తే ఏం జేస్తవ్? లెక్కపెడతవా?" అని తల్లి నవ్వి, పక్కన కూర్చోమని చాప జరిపింది.

పిల్ల కూర్చుంది. కిందికి వంగిన ఒక కాయను వేలితో నొక్కి చూసింది. "ఇంకా లేతదే" అంది.