స్పీకర్లో ‘గుయ్’మనేది ఎవరు?

సౌండ్ కార్డు ఆకుపచ్చ సాకెట్లో 3.5 మి.మీ. పిన్ను, రిసీవర్ వైపు ఎరుపు, తెలుపు పిన్నులు. కనెక్షన్ అయిపోయినట్టే. మరి పాట ఆపినా స్పీకర్లో ‘గుయ్’మని మోత ఎందుకు?

కంప్యూటర్‌కి మూడు పిన్నుల ప్లగ్గులోంచి ఒక ఎర్త్ ఉంటుంది. రిసీవర్‌కి సెట్‌టాప్ బాక్స్ కూడా కలిపి ఉంటే, కేబుల్ టీవీ వైరు ద్వారా ఇంకోచోటి ఎర్త్ వచ్చి చేరుతుంది. రెండింటి వోల్టేజీ ఒకటి కాకపోతే, ఆ తేడాకి ఆడియో వైరులోంచి 50 హెర్ట్జ్ కరెంటు పారుతుంది. మనం వినేది దాన్నే. బేతంచెర్లలో రెండడుగులు తవ్వితే బండ! తడి లేని రాతినేలలో ఎర్త్ సరిగా కుదరదు. గుంతలో ఉప్పు, బొగ్గు వేసి ఎండాకాలం నీళ్లు పోసేది అందుకే.

ముందు కేబుల్ టీవీ వైరు పీకి చూడండి. మోత ఆగితే దొంగ దొరికినట్టే. కొంతమంది ఎర్త్ పిన్ను విరిచేస్తారు. మోత పోతుంది, నిజమే. కానీ లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్నరోజు క్యాబినెట్ ముట్టుకున్న మనిషే పోవచ్చు. ఆ పని మాత్రం వద్దు.

కార్డుకి ఆప్టికల్ సాకెట్ ఉంటే అదే మంచి దారి. 1983లో తోషిబా తెచ్చిన టాస్‌లింక్ ఇది. దీంట్లో పోయేది వెలుతురు, రాగి లేదు, కాబట్టి ఎర్తులు కలవవు. ఒకటే చిక్కు: కుదించని ధ్వని రెండు ఛానెళ్లే పడుతుంది. సినిమాలో డాల్బీ డిజిటల్ ట్రాక్ ఉంటే ప్లేయర్‌లో పాస్‌త్రూ పెట్టండి, 5.1 వస్తుంది. గేములకి మాత్రం కార్డులో డాల్బీ డిజిటల్ లైవ్ లాంటిది ఉండాలి. లేదంటే హెచ్‌డీఎంఐ వాడుకోవడమే.