టార్చిదీపమును కొనునపుడు

రాత్రివేళ కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయబోవు రైతునకు గట్టుమీది పాము ముందుగా కానవచ్చుట చేతిలోని టార్చిదీపమును బట్టి యుండును. కావున సభ్యులు దీపపు తళుకు కంటె బ్యాటరీని ముందు పరీక్షింపవలెనని కోరుచున్నాము. మరల మరల ఛార్జి చేయదగిన లిథియం బ్యాటరీలలో 18650 అను రకము వాడుకలో హెచ్చు. దాని యడ్డుకొలత 18, పొడవు 65 మిల్లీమీటర్లు. కొన్నిటిపై 9900 మిల్లీ ఆంపియరు గంటలని యచ్చొత్తి యమ్ముచున్నారు. ఇది పచ్చి బొంకు. మంచి సరకునందును సాధారణముగా 2000 మొదలు 3600 వరకే యుండును. అచ్చును నమ్మి కొన్నవాని దీపము నడిదారిలో నారిపోవును. గట్టుదారికి 200 ల్యూమెనుల వెలుగు చాలును. వేయి ల్యూమెనుల గొప్ప మనకేల?

ఛార్జరు 4.2 వోల్టులు చేరగనే తనంత తానాగునదై యుండవలెను. ఆగనిచో బ్యాటరీ కాగి మండవచ్చును. కనుక పరుపుమీదను, గడ్డి దాపునను ఛార్జి చేయరాదు. పైతొడుగు చిరిగినదానిని వాడనే కూడదు.