ఇక లేవని తేల్చేదాకా: ఓ లెక్కల సారు అనుభవ పాఠాలు

కరీంనగర్, జగిత్యాల బడుల్లో, ఆ తర్వాత ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇప్పటికీ సాయంత్రం పూట పదో తరగతి పిల్లలు, వాళ్లతో పాటు కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు ఇంటికి వస్తుంటారు. ఎక్కువమంది తట్టుకుని ఆగేది ఒకే రకం ప్రశ్న దగ్గర: ఫలానా బీజీయ సమాసం సంపూర్ణ వర్గం కావాలంటే తెలియని సంఖ్య ఎంత ఉండాలి? వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. తెలియని పూర్ణసంఖ్యను 'క' అనుకుందాం, వచ్చే వర్గానికి మూలాన్ని 'గ' అనుకుందాం.

1. ఈ లెక్క ఎక్కడ అక్కరకొస్తుందో ముందు తెలుసుకో.

బోర్డు మీద వర్గ సమీకరణం రాసే ప్రతి టీచరూ తెలియకుండానే ఈ పని చేస్తాడు. య² + క×య + 6 = 0 కు మూలాలు పూర్ణసంఖ్యలుగా రావాలంటే విచక్షణి, అంటే క² − 24, సంపూర్ణ వర్గం కావాలి. క 5 అయితే 1 వస్తుంది, 7 అయితే 25 వస్తుంది. రెండూ వర్గాలే. మరి ఇంకేమైనా ఉన్నాయా? ఆ మాట అడగనివాడు లెక్క సగమే చేసినట్టు.

2. రెండు వర్గాల తేడా కనిపిస్తే కారణాంకాలు పట్టుకో.

క² − గ² = 24 అంటే (క − గ)(క + గ) = 24. జతలు నాలుగే: 1×24, 2×12, 3×8, 4×6. క − గ, క + గ ల మధ్య తేడా 2గ కాబట్టి రెండూ సరి సంఖ్యలైనా కావాలి, బేసి సంఖ్యలైనా కావాలి. దాంతో 1×24, 3×8 పోయాయి. మిగిలిన జతల్లో మొత్తంలో సగమే క: 7, 5. రుణ వైపు −7, −5. ఇక లేవు.

ఈ ఎత్తు పాతదే. ఒక సంఖ్యకు ఇంత కలిపినా వర్గమే, అదే సంఖ్యలోంచి అంత తీసినా వర్గమే కావాలనే తరహా లెక్కలు 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో ఉన్నాయి. అది రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలం. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు చేశాడు.

3. వర్గం పూర్తి చేయడానికి భిన్నం అడ్డొస్తే 4తో గుణించు.

క² + క + 41 తీసుకో. 1772లో ఆయిలర్ చూపిన ప్రధాన సంఖ్యల వరుస దీని నుంచే వస్తుంది. క స్థానంలో 0 నుంచి 39 దాకా ఏది పెట్టినా ప్రధాన సంఖ్యే వస్తుంది, ప్రధాన సంఖ్య ఎప్పుడూ వర్గం కాదు. ఒక్కో విలువ పెట్టి చూసే పిల్లలు 41, 43, 47, 53, 61 అని రాసుకుంటూ పోయి, ఇరవై దాటేసరికి "ఇది అయ్యేది కాదు సారూ" అని చాక్‌పీసు కింద పెడతారు. మొత్తాన్ని 4తో గుణించమంటాను.

4క² + 4క + 164 = (2క + 1)² + 163

ఇది (2గ)² కు సమానం కావాలి. మళ్లీ రెండు వర్గాల తేడానే, ఈసారి 163. అది ప్రధాన సంఖ్య, కాబట్టి 1×163 తప్ప జత లేదు. 2గ = 82, 2క + 1 = 81, క = 40. వేసి చూడు: 1600 + 40 + 41 = 1681, అంటే 41². రుణ వైపు −41 పెట్టినా 1681 వస్తుంది. ఈ రెండే.

4. వెతకబోయే ముందు శేషం చూడు.

వరుసగా ఉన్న మూడు పూర్ణసంఖ్యల వర్గాలు కూడితే వర్గం వస్తుందా? నడిమి సంఖ్య క అయితే మొత్తం 3క² + 2. దాన్ని 3తో భాగిస్తే శేషం 2. ఏ వర్గాన్ని 3తో భాగించినా శేషం 0 గానీ 1 గానీ వస్తుంది. కాబట్టి ఎన్నటికీ రాదు. చివర 2, 3, 7, 8 ఉన్న సంఖ్య వర్గం కాదన్న సంగతి ఎక్కాలతో పాటే నోటికి రావాలి.

5. పక్కపక్క వర్గాల మధ్య ఇరికించు.

క ధన సంఖ్య అయితే క² + క + 1 అనేది క² కంటే పెద్దది, (క + 1)² కంటే చిన్నది. ఆ రెండింటి నడుమ ఇంకో వర్గానికి చోటు లేదు. క⁴ + క³ + క² + క + 1 కూ ఇదే మందు. 4తో గుణిస్తే, క 3 కంటే పెద్దదైనా −1 కంటే చిన్నదైనా, అది (2క² + క)², (2క² + క + 1)² ల మధ్య చిక్కుతుంది. మిగిలిన −1, 0, 1, 2, 3 లకు విలువలు 1, 1, 5, 31, 121. జవాబులు −1, 0, 3.

6. అంతు లేని చోట మొదటిదాన్ని పట్టుకో.

2క² + 1 లో క 2 అయితే 3², 12 అయితే 17², 70 అయితే 99². ఒక జత దొరికితే 3గ + 4క కొత్త గ, 2గ + 3క కొత్త క అవుతాయి. ఇలా ఎంత దూరమైనా పోవచ్చు. జతల్ని కలిపి కొత్త జత పుట్టించే దారి బ్రహ్మగుప్తుడు 628లో బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో చెప్పాడు. 2క² + 1 లాంటిదాన్ని వర్గం చేసే ఈ రకం లెక్కకే వర్గప్రకృతి అని పేరు.

అయితే ఆ మొదటి జత దొరకడమే గగనం కావచ్చు. 61క² + 1 లో సున్నాను వదిలేస్తే పనికొచ్చే అతి చిన్న ధన సంఖ్య 22,61,53,980. అప్పుడు వర్గమూలం 1,76,63,19,049. భాస్కరాచార్యుడు 1150 నాటి బీజగణితంలో చక్రవాళ పద్ధతితో దీన్ని సాధించాడు. 1657లో ఫెర్మా ఐరోపా గణితజ్ఞులకు విసిరిన సవాళ్లలో ఈ 61 కూడా ఉంది.

7. దొరికినవాటి జాబితాను రుజువనుకోకు.

"ఫోన్‌లో ప్రోగ్రామ్ రాసి లక్ష దాకా చూసిన సారూ" అంటారు ఇప్పటి పిల్లలు. మంచిదే. కానీ పైన చెప్పిన 61 లెక్కలో లక్ష దాకా చూస్తే ఏమీ దొరకదు, అలాగని లేదనడానికి వీల్లేదు. 2 ఘాతాల్లోంచి 7 తీసేస్తే ఎప్పుడు వర్గం వస్తుందని 1913లో రామానుజన్ ప్రశ్న వేశాడు. ఘాతం 3, 4, 5, 7, 15 అయితే వచ్చేవి 1, 9, 25, 121, 32761. చివరిది 181². ఈ అయిదు తప్ప ఇంకేవీ లేవని 1948లో నార్వే గణితవేత్త నాగెల్ రుజువు చేశాడు. అయిదు సంఖ్యలు కనిపెట్టడం బడి పిల్లల పని. ఆరోది లేదనడానికి 35 ఏళ్లు పట్టింది.

ఇక ఇంటికి పని: మూడో పాఠంలో 41 తీసేసి 17 పెట్టు. క 0 నుంచి 15 దాకా మళ్లీ ప్రధాన సంఖ్యలే వస్తాయి. జవాబులు రెండే ఉన్నాయి. మూడోది ఎందుకు లేదో కూడా రాసి తెస్తేనే పూర్తి మార్కులు.