పల్లపు దారిలో సైకిలు వేగము

కాణిపాకమున బాహుదా తీరపు బాటపై సైకిలును మన కాళ్లే నడుపును. మదనపల్లె చెంత హార్స్‌లీ కొండ దిగునపుడు దానిని నడుపునది భూమ్యాకర్షణ. ఆ వేగములోని ఆనందమును మేమును ఎరుగుదుము.

కాని గణితము మాటయు వినవలెను. గతిజశక్తి వేగవర్గమును అనుసరించును. వేగము రెట్టింపైనచో ఆగు దూరము నాలుగింతలగును. చదునునేలపై గంటకు 20 కిలోమీటర్ల వేగమున బ్రేకు పట్టి 5 మీటర్లలో ఆగు సైకిలునకు, 40 కిలోమీటర్ల వేగమున 20 మీటర్లు కావలెను. వాలులో ఇంకను అధికము. మలుపు అంతకన్న దగ్గరనున్నచో?

2017లో ఫ్రాన్సులోని వార్స్ మంచువాలుపై ఎరిక్ బరోన్ సైకిలుపై గంటకు 227 కిలోమీటర్లు దాటెను. ఆ వాలుపై మలుపులు లేవు, ఎదురు బస్సులు లేవు. మన కొండదారిలో రెండును కలవు.

కావున విద్యార్థులారా, దిగుటకు ముందే రెండు బ్రేకులను పరీక్షింపుడు. మలుపు రాకముందే వేగమును తగ్గింపుడు. ఆగగల వేగమే ఆనందింపదగిన వేగమని మా మనవి.