ఎవరి చరిత్ర పాఠమవుతుంది?
(అరిజోనా చట్టంపై ఒక పరిశీలన)



అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో టూసాన్ అనే నగరం ఉంది. 2012 జనవరిలో అక్కడి ప్రభుత్వ హైస్కూళ్ళలో కొన్ని తరగతి గదుల్లోంచి ఏడు పుస్తకాల ప్రతులను తీసి, అట్టపెట్టెల్లో సర్ది, గోదాముకు తరలించారు. కొన్నిచోట్ల పిల్లలు చూస్తుండగానే ఈ పని జరిగింది. పీడితుల చదువు గురించి బ్రెజిల్ విద్యావేత్త పౌలో ఫ్రెయిరీ రాసిన ప్రసిద్ధ గ్రంథం అందులో ఒకటి. ఇది నిషేధం కాదని, ఆ పుస్తకాలు లైబ్రరీల్లో దొరుకుతాయని అధికారులు చెప్పారు. కానీ వాటిని చదివించే క్లాసే రద్దయ్యింది. అది ఎలా రద్దయిందో తెలుసుకోవడం మనకు అవసరమని భావించి ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు కొంచెం చరిత్ర చూద్దాం. నేటి అరిజోనా ఒకప్పుడు మెక్సికోలో భాగం. 1846లో మొదలైన యుద్ధంలో మెక్సికో ఓడిపోయి, 1848 సంధి ద్వారా సువిశాలమైన భూభాగాన్ని అమెరికాకు వదులుకుంది. టూసాన్ ఉన్న దక్షిణ భాగాన్ని 1853లో కుదిరిన ఒప్పందంతో అమెరికా డబ్బిచ్చి కొనుక్కుంది. ‘మేము సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది’ అని అక్కడి మెక్సికన్ మూలాల వారు అంటుంటారు. టూసాన్ ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లల్లో సగానికి పైగా వీరే. అయినా పాఠ్యపుస్తకాల్లో వీరి తాతముత్తాతల ఊసు బహు తక్కువ. ఈ లోటు తీర్చడానికే 1998లో అక్కడ మెక్సికన్ అమెరికన్ అధ్యయనాల కార్యక్రమం ప్రారంభమైంది. చరిత్ర, సాహిత్యం, పౌరశాస్త్రం, కళలను ఆ ప్రజల కోణం నుండి బోధించేవారు. ఏ జాతి విద్యార్థి అయినా చేరవచ్చు.

గొడవ 2006లో మొదలైంది. వ్యవసాయ కూలీల సంఘాన్ని సీజర్ చావెజ్‌తో కలిసి స్థాపించిన డొలోరెస్ హుయెర్తా టూసాన్ హైస్కూల్లో ప్రసంగిస్తూ, రిపబ్లికన్ పార్టీ వారికి లాటినోలంటే ద్వేషమని అన్నారు. రాష్ట్ర విద్యాశాఖ అధిపతి టామ్ హార్న్ రిపబ్లికన్. (అక్కడ ఈ పదవికి ఎన్నిక జరుగుతుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాత కథ తేలిగ్గా అర్థమవుతుంది.) ఆ మాటకు జవాబుగా ఆయన మెక్సికన్ మూలాలున్న తన సహాయ అధికారిణిని ఆ బడికి పంపారు. ప్రశ్నలు అడిగే అవకాశం లేదనడంతో కొందరు పిల్లలు నోటికి టేపు అంటించుకుని, ఆమెకు వీపు చూపి నిలబడి, తర్వాత బయటికి నడిచారు. మర్యాద తెలియని ఈ తీరు వారు ఆ క్లాసులోనే నేర్చుకున్నారని హార్న్ నిర్ణయానికి వచ్చారు. 2007లో ఆ కార్యక్రమాన్ని మూసేయాలని నగర ప్రజలకు బహిరంగ లేఖ రాశారు.

ఆయన వాదన కూడా వినాలి. తాను 1963లో వాషింగ్టన్ మహాప్రదర్శనలో నడిచినవాడినని, మనిషిని జాతిని బట్టి కాక వ్యక్తిగా చూడాలన్నదే అక్కడ నేర్చుకున్నానని ఆయన చెప్పేవారు. అందరి పన్నుల డబ్బుతో నడిచే బడిలో పిల్లల్ని జాతుల వారీగా విడదీసి, ఒకరి మీద మరొకరికి కోపం నూరిపోయవచ్చునా అని అడిగేవారు. ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు.

2010 మే 11న గవర్నరు జాన్ బ్రూవర్ సంతకంతో చట్టం వచ్చింది. ప్రభుత్వాన్ని కూలదోయమని ప్రోత్సహించేవి, ఒక జాతి లేదా వర్గం మీద ద్వేషం పెంచేవి, ప్రధానంగా ఒకే జాతి విద్యార్థుల కోసం రూపొందించినవి, విద్యార్థుల్ని వ్యక్తులుగా చూడకుండా జాతి సంఘీభావాన్ని ప్రబోధించేవి - ఈ నాలుగు రకాల పాఠాలు ఉండకూడదు. ఉంటే ఆ పాఠశాలల జిల్లాకు వచ్చే రాష్ట్ర నిధుల్లో 10 శాతం వరకు ఆపేయవచ్చు. ఒక ప్రజా సమూహం చరిత్రలో అణచివేతకు గురైన సంగతిని బోధించడానికి అభ్యంతరం లేదని కూడా అదే చట్టంలో ఉంది.

మరి అణచివేతను చెప్పడానికీ ద్వేషం నేర్పడానికీ మధ్య గీత ఎవరు గీస్తారు? అసలు చిక్కు ఇక్కడే ఉంది. భూమి పోగొట్టుకున్న కథ విన్న పిల్లవాడికి కోపం రాకుండా ఉంటుందా? ఆ కోపం పాఠం చెప్పిన తీరు వల్ల వచ్చిందా, జరిగిన సంగతి వల్ల వచ్చిందా? ‘ఒకే జాతి కోసం’ అన్న మూడో షరతు చదివినప్పుడు మాకు మన హాస్టల్ గుర్తొచ్చింది. ‘మీకు మాత్రం ప్రత్యేకంగా ఎందుకు?’ అన్న ప్రశ్న వినకుండా మనలో ఎంతమంది ఇంటర్ దాటారు? అడిగేవాళ్ళందరూ చెడ్డవాళ్ళు కాదు. కానీ ప్రత్యేకమైన ఏర్పాటు ఎందుకు అవసరమైందో చెప్పే పాఠం వాళ్ళూ చదివి ఉండరు.

హార్న్ తర్వాత ఆ పదవిలోకి వచ్చిన జాన్ హప్పెంథాల్ 2011లో ఒక సంస్థ చేత తనిఖీ చేయించారు. వారు క్లాసుల్లో కూర్చుని చూసి, చట్ట ఉల్లంఘన ఏదీ కనబడలేదని నివేదిక ఇచ్చారు. డబ్బిచ్చి తెప్పించుకున్న ఆ నివేదికను పక్కనబెట్టి, ఉల్లంఘన ఉన్నదనే ఆయన ప్రకటించారు. ఆ ఏప్రిల్‌లోనే విద్యార్థులు స్కూలు బోర్డు సమావేశ మందిరంలోకి దూసుకెళ్ళి, సభ్యుల కుర్చీలకు గొలుసులతో తమను తాము కట్టేసుకున్నారు. ఆ రోజు సమావేశం జరగలేదు. చివరికి నిధులు పోతాయన్న భయంతో బోర్డు 2012 జనవరి 10న 4-1 ఓట్లతో కార్యక్రమాన్ని రద్దు చేసింది.

చదువు సంగతి ఏమిటి? అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కలు తీశారు. ఈ క్లాసుల్లో చేరిన పిల్లలు చేరకముందు సగటున మార్కుల్లో వెనుకబడినవారే. చేరాక మాత్రం తప్పిన రాష్ట్ర పరీక్షల్లో పాసయ్యే అవకాశం, హైస్కూలు పూర్తిచేసే అవకాశం వీరికి తోటివారికన్నా ఎక్కువగా ఉన్నాయని తేలింది. డ్రాపవుట్ల బాధ తెలిసిన మనకు ఇది చిన్న విషయం కాదు.

కేసు కోర్టుకు వెళ్ళింది. విచారించిన న్యాయమూర్తి వాలెస్ తషీమా జపనీస్ సంతతివారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపనీస్ అమెరికన్లను నిర్బంధించిన శిబిరాల్లో ఒకటి ఇదే అరిజోనాలోని పోస్టన్. ఆయన చిన్నతనంలో అక్కడ గడిపారు. అలాగని ఆయన మొదటినుంచీ ఒక పక్షం వహించారనుకోకూడదు. 2013లో చట్టంలో ‘ఒకే జాతి కోసం’ అన్న షరతును మాత్రమే కొట్టేసి, మిగతాది చాలావరకు నిలబెట్టారు. వివక్ష సంగతి విచారణ జరిపి తేల్చాలని 2015లో పై కోర్టు కేసును తిప్పి పంపింది. సాక్ష్యాలన్నీ విన్నాక, 2017 ఆగస్టులో, ఈ చట్టం చేయడం వెనుకా అమలు చేయడం వెనుకా జాతి విద్వేషం ఉన్నదని ఆయన తీర్పు చెప్పారు. హప్పెంథాల్ మారుపేర్లతో ఇంటర్నెట్లో రాసిన వ్యాఖ్యలు కూడా సాక్ష్యంగా పనికొచ్చాయి. టూసాన్‌లో నల్లజాతి వారి గురించి, ఆసియన్ల గురించి కూడా అటువంటి కార్యక్రమాలు ఉండగా వాటి జోలికి ఎవరూ పోలేదు. మాటలు అందరికీ వర్తించేలా రాసి, దెబ్బ ఒక్కరికే తగిలేలా చట్టం చేయవచ్చునని మాకు అర్థమైంది ఇక్కడే.

చర్చ అక్కడితో ముగిసిపోలేదు. కాలిఫోర్నియా 2021లో హైస్కూలు పూర్తి చేయాలంటే ఎత్నిక్ స్టడీస్ చదవాలని చట్టం చేసింది, కాకపోతే నిధులు కేటాయిస్తేనే అమలు అన్న షరతు పెట్టింది. ఫ్లోరిడా 2023 జనవరిలో ఆఫ్రికన్ అమెరికన్ అధ్యయనాల కోర్సును తిరస్కరించింది. అదే నెలలో టామ్ హార్న్ అరిజోనా విద్యాశాఖ అధిపతిగా మళ్ళీ బాధ్యతలు చేపట్టారు, ప్రజల ఓట్లతోనే.

తీర్పు గెలిచినా టూసాన్‌లో పాత కార్యక్రమం తిరిగి రాలేదు. జాతుల వేర్పాటు గురించిన మరో పాత కేసులో కోర్టు ఆదేశంతో 2013 నుంచి అటువంటి కొన్ని పాఠాలు వేరే రూపంలో నడిచాయి. పుస్తకాలు పెట్టెల్లోకి ఎక్కిన రోజున పదకొండో తరగతిలో ఉన్న పిల్లలు తీర్పు వచ్చేసరికి ఇరవై రెండు నిండినవాళ్ళు.