కొండదారిలో సైకిల్: ప్రశ్నలు – జవాబులు

మౌంటెన్ బైక్ యాత్రల మీద ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మనాలి–లేహ్ దారి గురించే. అందుకని ఈసారి జవాబులన్నీ ఆ ఒక్క దారికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేం నలుగురం ఇంజనీరింగ్ రోజుల నాటి స్నేహితులం. రెండేళ్లుగా ఆదివారాలు మౌంటెన్ బైకుల మీద అనంతగిరి ఘాటు ఎక్కి అరకు వెళ్తున్నాం. ఆగస్టు ఆఖర్లో మనాలి నుంచి లేహ్‌కి తొక్కుకుంటూ వెళ్లాలని అనుకున్నాం. సెలవు పది రోజులే దొరికింది. రానూపోనూ ప్రయాణాలు తీసేస్తే ఏడు రోజులు మిగులుతాయి. సరిపోతాయా సార్?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సరిపోవు. మీ కాళ్ల మీద నాకు అనుమానం లేదు. అనంతగిరి ఘాటు రెండేళ్లు ఎక్కినవాళ్లకి ఆ రోడ్డు వాలు కొత్తగా ఉండదు. లారీలు నడవాల్సిన దారి కాబట్టి చాలాచోట్ల మన ఘాట్ల కంటే మెల్లగానే ఎక్కుతుంది. చిక్కంతా ఎత్తుతోనే.

అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. మీరు బయల్దేరే మనాలే 2,000 మీటర్ల పైన ఉంటుంది. రోహ్తంగ్ కనుమ 3,978 మీటర్లు. దాని తర్వాత బారలాచా లా, నకీ లా, లాచులుంగ్ లా, తంగ్లంగ్ లా వరసగా వస్తాయి. ఆ చివరిది 5,300 మీటర్లు దాటుతుంది. అక్కడ గాలి పీడనం మీ బీచ్ రోడ్డులో ఉన్నదాంట్లో దాదాపు సగం. అంటే ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా సగమే. దానికి శరీరం అలవాటు పడటానికి కొన్ని రోజులు పడుతుంది. ఎంత వ్యాయామం చేసినా ఆ రోజులు తగ్గవు. దిట్టంగా ఉన్న కుర్రాళ్లే తొందరగా పైకి వెళ్లిపోయి అందరికంటే ముందు జబ్బుపడటం నేను కళ్లారా చూశాను.

వైద్యులు చెప్పే లెక్క ఇది: 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకున్న చోటికీ రేపు రాత్రి పడుకునే చోటికీ ఎత్తులో తేడా 500 మీటర్లు మించకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. పగలు ఎంత ఎక్కి దిగారన్నదానికంటే రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది ముఖ్యం. రోహ్తంగ్ మీదుగా అయితే దారి మొత్తం 470 కిలోమీటర్ల పైమాటే. దీనికి పన్నెండు రోజులు పెట్టుకోండి. జిస్పాలో రెండు రాత్రులు, పట్సియో దగ్గర ఒకటి, జింగ్‌జింగ్‌బార్‌లో ఒకటి గడిపాకే బారలాచా ఎక్కండి. ఆ దారిలో బస దొరికిన చోటే ఆగాలి కాబట్టి 500 మీటర్ల లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఆ లోటును జిస్పాలోని అదనపు రోజు పూడుస్తుంది.

బారలాచాకి ముందు ఇన్ని రాత్రులు ఎందుకంటే, అది దాటి సర్చులో దిగినవాళ్లు గిన్నెలో పడ్డట్టే. ఎత్తు జబ్బుకి అసలైన మందు కిందికి దిగడం. సర్చు ఉన్నదే దాదాపు 4,300 మీటర్ల ఎత్తులో. వెనక్కి దిగాలంటే ముందు బారలాచా ఎక్కాలి. ముందుకు పోయి దిగాలంటే ఇంకో మూడు కనుమలు దాటాలి. ఎటు కదిలినా ముందు ఎక్కుడే. నా మొదటి యాత్రలో మా వాళ్లలో ఒకడికి జింగ్‌జింగ్‌బార్‌లోనే తలనొప్పి మొదలైంది. మా ఉత్సాహం చల్లారుతుందని మాకు చెప్పలేదు. సర్చు గుడారంలో అర్ధరాత్రి వాంతులు పట్టుకున్నాయి. లేచి నాలుగడుగులు వేస్తే తాగినవాడిలా తూలిపోయాడు. తెల్లవారకముందే ఒక లారీ డ్రైవరు కాళ్లావేళ్లా పడి, వాణ్ని బారలాచా దాటించి కేలాంగ్ ఆసుపత్రికి చేర్చాం. దిగిన కొద్దీ తేరుకున్నాడు. ఆ తెల్లవారుజామును నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకని ప్రతి సాయంత్రం నలుగురూ ఒకరినొకరు అడగండి: తలనొప్పి ఉందా, తిండి సయిస్తోందా, నిన్న నిద్ర పట్టిందా? తలనొప్పికి వికారమో మగతో తోడైతే మర్నాడు అక్కడే ఆగాలి. నేల మీద గీత గీసి, మడమకి వేలు ఆనిస్తూ దాని మీద నడవమనండి. తూలితే ఇక ఆలోచించకండి, వెంటనే కిందికి దించండి. కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గు ఆగకపోతే అదీ అంతే. ఎసిటజోలమైడ్ మాత్రల సంగతి బయల్దేరకముందే డాక్టరుతో మాట్లాడండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. మాత్ర వేసుకున్నాం కదా అని రోజులు తగ్గించుకోకండి.

సెలవు పెరగదంటే లేహ్‌ని ఈ ఏటికి వదిలేయండి. మనాలి నుంచి రోహ్తంగ్ దాటి, చంద్రా, భాగా నదుల లోయల వెంట కేలాంగ్, జిస్పా, దీపక్ తాల్ సరస్సు దాకా వెళ్లి వెనక్కి రండి. ఏడు రోజులకి అది నిండైన యాత్ర.

ప్రశ్న: మా అబ్బాయి స్నేహితులతో కలిసి ఈ సైకిల్ యాత్రకి వెళ్తానంటున్నాడు. ఒక్క రోజు ఫోన్ రాకపోతేనే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. వద్దని చెప్పమంటారా? అమెరికాలో ఉన్న మా తమ్ముడు శాటిలైట్‌తో మెసేజీలు పంపే పరికరం తెస్తానంటున్నాడు. అది ఉంటే వాడు ఎక్కడున్నదీ తెలుస్తుందట.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముడిగారికి ఫోన్ చేసి ఆ పరికరం తేవొద్దని చెప్పండి. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, అలాంటి మెసేజీ పరికరాలు దగ్గర ఉంచుకోవడం నేరం. విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. పైగా అబ్బాయి వెళ్లేది సరిహద్దుకు దగ్గరి ప్రాంతం.

వాడి సిమ్ ప్రీపెయిడ్ అయితే పోస్ట్‌పెయిడ్‌కి మార్పించండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు. అయినా దార్చా దాటాక ఉప్శీ చేరేదాకా, అంటే నాలుగైదు రోజులు, ఫోన్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఏ రోజు ఏ ఊళ్లో పడుకుంటాడో కాగితం మీద రాయించుకోండి. చివరిసారి ఎక్కడి నుంచి ఫోన్ చేస్తాడు, మళ్లీ ఏ తేదీకి చేస్తాడు అన్నవి అందులో ఉండాలి. ఆ తేదీకి రెండు రోజులు కలుపుకోండి. అంతవరకు ఫోన్ రాకపోతే అది సిగ్నల్ లేకపోవడమే అనుకోండి. ఆ గడువు కూడా దాటితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబర్లు వాడే రాసి మీకివ్వాలి.

వద్దని చెప్పకండి. ఎన్ని రోజులకి వెళ్తున్నాడో మాత్రం అడగండి. ఏడు అంటే పైన రాసిన జవాబు చదివి వినిపించండి.

ప్రశ్న: మా బృందంలో ఐదుగురం. నేనొక్కదాన్నే ఆడపిల్లని, అందరిలో నెమ్మది కూడా నేనే. వికారాబాద్ అనంతగిరి కొండల్లో మట్టి దారుల మీద తొక్కినప్పుడల్లా వాళ్లు ముందుకెళ్లి నాకోసం ఆగుతారు. నేను చేరేసరికి బయల్దేరతారు. లద్దాఖ్‌లో వాళ్లకి భారమవుతానేమోనని మానుకుందామనుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మానుకోకండి. మీ ఉత్తరంలోని రెండు చిన్న వాక్యాల్లోనే తప్పు ఎక్కడుందో తెలిసిపోతోంది. వాళ్లు మీకోసం ఆగుతున్నారు, కానీ ఆ ఆగడం వాళ్ల విశ్రాంతికే సరిపోతోంది. మీరు చేరగానే బయల్దేరితే మీకు విశ్రాంతి ఏది? నీళ్లు తాగడానికి, పల్లీ చిక్కీ నమలడానికి, చలి చొక్కా మార్చుకోవడానికి మీకు సమయం లేకుండా పోతోంది. అలా రోజంతా తొక్కితే ఎంత గట్టి మనిషైనా సాయంత్రానికి కూలబడతాడు.

పద్ధతి మార్చమని అడగండి. విశ్రాంతి పది నిమిషాలైతే ఆ పది నిమిషాలు మీరు చేరిన క్షణం నుంచి లెక్కపెట్టాలి. పంక్చర్ సామాను, పంపు చివర తొక్కే మనిషి దగ్గర ఉండాలి. ముందున్నవాడి సంచిలో పంపు ఉంటే, వెనక ట్యూబు పోయిన మనిషికి అది ఎలా అందుతుంది? మీ వెనక ఎప్పుడూ ఇంకొకరు ఉండాలి. ఆ వంతు రోజుకొకరు తీసుకోవాలి. సర్చు దాటాక గాటా లూప్స్ అని 21 మెలికల ఎక్కుడు వస్తుంది. అక్కడ ప్రతి ఐదో మలుపు దగ్గర అందరూ కలుసుకున్నాకే పైకి కదలాలి.

ఇంకో మాట. మన కొండల్లో ముందుండేవాడే అక్కడా ముందుంటాడని చెప్పలేం. 4,000 మీటర్లు దాటాక వరస మారిపోవడం మామూలే. నెమ్మదిగా, ఒకే లయలో తొక్కడం అలవాటైన మీరే నకీ లా మీద అందరికోసం ఆగాల్సి రావచ్చు.

ఇదంతా విన్నాక కూడా వాళ్లు మారకపోతే యాత్ర మానుకోనక్కర్లేదు, బృందాన్ని మార్చుకోండి.

ప్రశ్న: పొడవాటి దిగుడులో నా డిస్క్ బ్రేకులు కాసేపటికి పట్టడం మానేస్తున్నాయి. కొత్త బండే. లోపం ఏమిటి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: లోపం బండిది కాకపోవచ్చు. మీరు దిగినంతసేపూ బ్రేకు కొంచెంగా నొక్కిపెట్టే ఉంచుతున్నట్టున్నారు. అలా చేస్తే డిస్కు కాలిపోతుంది, ప్యాడ్లు నున్నబడతాయి, హైడ్రాలిక్ బ్రేకు అయితే లోపలి ద్రవం మరిగి లీవరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. మలుపుకి ముందు రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, వదిలేయండి. మధ్యలో గాలి తగలనివ్వండి. వేడెక్కిన డిస్కు మీద నీళ్లు పోయకండి, వంకర పోతుంది. తంగ్లంగ్ లా నుంచి రుమ్‌త్సే దాకా వెయ్యి మీటర్లకు పైగా దిగాలి. అక్కడ కనీసం మూడుసార్లు ఆగండి. కొత్త ప్యాడ్లు ఒక జత సంచిలో ఉండాలి. చలి కోటు, గ్లవ్స్ కనుమ మీదే వేసుకోండి. వేళ్లు కొయ్యబారితే ఎంత మంచి బ్రేకైనా అక్కరకు రాదు.

ప్రశ్న: దారికి అడ్డంగా వాగులు వస్తాయంటున్నారు. సైకిల్‌తో దాటగలమా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పొద్దున్నే అయితే దాటగలరు. అవి మంచు కరిగి వచ్చే నీళ్లు. ఎండ ఎక్కేకొద్దీ నీరు పెరుగుతుంది. ఉదయం పాదాలు తడిసే వాగు సాయంత్రానికి మోకాళ్లు దాటి తోసేస్తుంది. తెల్లవారగానే బయల్దేరండి. సైకిల్ దిగి, దాన్ని ప్రవాహం వచ్చే వైపు కాకుండా అవతలి వైపు పట్టుకుని నడవండి. లేకపోతే సైకిలే మిమ్మల్ని పడదోస్తుంది. నీళ్లు ఎక్కువగా కనిపిస్తే రాత్రికి ఈవలి గట్టునే ఉండిపోండి.

ప్రశ్న: గత సెప్టెంబరులో మేం నలుగురం బయల్దేరాం. సర్చులో ఒకడికి తలనొప్పి, వాంతులు. "మీరు వెళ్లండిరా, నేను బండి పట్టుకుని దిగిపోతా" అన్నాడు. మనాలి వెళ్తున్న టాక్సీ ఎక్కించి మేం ముగ్గురం ముందుకెళ్లాం. లేహ్ చేరి ఫొటోలు గ్రూపులో పెట్టాం. వాడు క్షేమంగానే ఇల్లు చేరాడు గానీ అప్పటి నుంచి మాతో మాట్లాడటం లేదు. వెళ్లమన్నది వాడే కదా. మాది తప్పా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తప్పే. ఎత్తు జబ్బు పడిన మనిషిని ఒంటరిగా దించకూడదు. ఆ జబ్బు ముదిరితే ముందు దెబ్బతినేది మెదడే. ఆ స్థితిలో ఉన్నవాడు "వెళ్లండి" అంటే ఆ మాటను అనుమతిగా తీసుకోకూడదు. టాక్సీ బారలాచా మీద ఉండగా మీ స్నేహితుడు స్పృహ తప్పి ఉంటే పక్కన ఉన్నది ముక్కూమొహం తెలియని డ్రైవరు. అతనికి ఏమని తెలుస్తుంది? మీరు కావాలని చేయలేదని నాకు అర్థమవుతోంది. అక్కడిదాకా తొక్కి వెనక్కి తిరగడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ వెనక్కి తిరగాల్సి వస్తే ఎవరు ఎవరితో దిగాలన్నది ఇంటి దగ్గరే, అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి. సర్చు గుడారంలో ఆ లెక్క తేలదు.

మొదటి జవాబులో చెప్పిన మా స్నేహితుడితో పాటు మిగిలిన ముగ్గురం కేలాంగ్ దిగిపోయాం. ఆ ఏడు లేహ్ చూడలేదు. రెండేళ్ల తర్వాత నలుగురం మళ్లీ బయల్దేరి పదమూడు రోజుల్లో చేరాం. తంగ్లంగ్ లా మీద మొదట కాలు పెట్టింది వాడే.

మీ వాడికి ఫోన్‌లో, గ్రూపులో ఏమీ రాయకండి. ముగ్గురూ కలిసి ఇంటికి వెళ్లండి. "నువ్వే వెళ్లమన్నావు కదరా" అన్న మాట మాత్రం ఎవరి నోటా రానివ్వకండి. తప్పు మాదే అని చెప్పి, వాడు అనాలనుకున్నవన్నీ అననివ్వండి. ఇప్పటికే చాలా నెలలు గడిచాయి. ఈ ఆదివారమే వెళ్లండి.