పరదేశమున శ్రమదానము: సెరెసోల్ దళము

శ్రమదానము మన విద్యార్థులకు కొత్త మాట కాదు. జాతీయ సేవా పథకము క్రింద పల్లెలకు వెళ్ళి రోడ్డు వేసినవారు, మురుగుకాలువ త్రవ్వినవారు మనలో ఉన్నారు. ఉర్దూలో ఖిద్మత్ అన్నను, తెలుగులో సేవ అన్నను భావమొక్కటే. అయితే భాష తెలియని దేశమునకు పోయి యువకులు పార పట్టు సంప్రదాయము ఎట్లు మొదలైనదో, ఎచ్చట తడబడినదో ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

1916లో ఫ్రాన్సు దేశపు వెర్దూన్ ప్రాంతము ఫిరంగి గుండ్లకు నుగ్గయినది. అచ్చటి ఎస్న్ అను పల్లె శిథిలముగా మిగిలినది. 1920లో స్విట్జర్లాండు ఇంజనీరు పియెర్ సెరెసోల్ కొలదిమంది స్వచ్ఛంద సేవకులతో ఆ ఊరు చేరెను. నిన్నటి శత్రువులైన జర్మనులును ఆ దళమున ఉండిరి. తాత్కాలిక గృహములు కట్టిరి, నేల చదును చేసిరి. కాని జర్మనుల ఉనికిని సహింపనివారు ఉండుటచే 1921లో ఆ పని అర్ధాంతరముగా ఆగిపోయినది. ఆ గ్రామస్థులను నిందించుటకు మాకు మనసొప్పదు. కొడుకును పోగొట్టుకొన్న తల్లి వాకిట జర్మను యువకుడు నిలిచి సాయము చేయవచ్చితినన్నచో ఆమె వెంటనే నమ్మవలెనా? సేవ చేయువాని సంకల్పము మంచిదైనంత మాత్రమున చాలదు. పొందువారి అంగీకారము కూడ కావలెను.

తరువాత 1928లో, రైన్ నది వరదకు మునిగిన లీచ్టెన్‌స్టైన్‌లో ఏడువందల మందికి పైగా స్వచ్ఛంద సేవకులు పలుదేశముల నుండి వచ్చి పొలములలో మేటలువేసిన ఇసుకను, రాళ్ళను తొలగించిరి.

మనకు దగ్గరి ఉదాహరణము బీహారు. 1934 జనవరి 15న సంభవించిన భూకంపము ఉత్తర బీహారును, నేపాలును కుదిపివేసినది. వేలాదిమంది మరణించిరి. ముజఫర్‌పూర్, ముంగేరు పట్టణములు కూలినవి. బాబూ రాజేంద్రప్రసాదు సహాయ సంఘమునకు నాయకత్వము వహించెను. గాంధీజీని 1931లోనే స్విట్జర్లాండులో కలిసియుండిన సెరెసోల్, ఈ వార్త విని తొందరపడి దళమును పంపలేదు. ముందు తానే వచ్చి చూచెను, ఇచ్చటి నాయకులతో సంప్రదించెను. పిదప కొద్దిమంది సహచరులతో తిరిగివచ్చెను. వరదల ముంపునకు గురియగు పల్లెలను మెరక నేలకు తరలించి ఇండ్లు కట్టుటయే వారి పని. ఎస్న్ అనుభవము ఆయనకు ఈ ఓపిక నేర్పినదేమో యని మా ఊహ.

ఇచ్చట ఒక సందేహము రాక మానదు. బీహారులో కూలీలకు కొదువ లేదు. ఐరోపా నుండి నలుగురు ఓడలో వచ్చుటకైన ఖర్చుతో ఎందరు కూలీలకు పని కల్పింపవచ్చునో! లెక్క చూచినచో ఈ ఆక్షేపణ సరియైనదే. మేము దానిని కొట్టివేయజాలము. కాని కూలీతో సమానముగా దొర మట్టితట్ట మోయుట ఆనాటి బీహారులో ఎవరును చూచినది కాదు. దొరల పాలన సాగుచుండిన దినములవి. చదువుకొన్న మనవారును చేతికి మట్టి అంటుట చిన్నతనముగా తలచుచుండిరి. ఆ తట్ట విలువను కూలిరేటుతో కొలువలేము. అయినను, దొరను చూచిన తరువాత గాని మన శ్రమ మనకు గౌరవప్రదముగా తోపకపోవుట సిగ్గుచేటని కూడ చెప్పక తప్పదు.

ఆ పని 1937 వరకు సాగినది. అట్లు వెలసిన కొత్త పల్లెలలో ఒకదానికి శాంతిపురమని పేరు పెట్టిరి.